పదివేలలో నాలుగు పాళ్లు

శీతకాల సమావేశాలు వచ్చాయంటే పార్లమెంటులో గాలి ప్రస్తావన తప్పదు. రాజధానిని కమ్ముకున్న పొగపై సభ్యులు ప్రశ్నలు వేస్తారు. మంత్రులు సమాధానాలు చదువుతారు. నడుమ ఎవరో ఒకరు లేచి, అడవులు దేశానికి ప్రాణవాయువును సరఫరా చేసే కర్మాగారాలని కొనియాడుతారు. వినడానికి సొంపుగానే ఉంటుంది. కాని ఈ పొగడ్త అడవికి మేలు చేయకపోగా కీడు చేస్తుంది.

పొడిగాలిలో నూటికి 78 పాళ్లు నత్రజని, 21 పాళ్లు ప్రాణవాయువు, ఒక పాలుకు కొద్దిగా తక్కువ ఆర్గాన్. ప్రాణవాయువు యుగయుగాలుగా పోగుపడిన నిధి. ముదురు అడవి పగలు విడిచే ప్రాణవాయువులో అత్యధిక భాగం దాని శ్వాసకూ, రాలిన ఆకు కుళ్లడానికీ ఖర్చయిపోతుంది. కనుక ఒక అడవిని నరికినంత మాత్రాన మన ఊపిరి ఆగదు. ప్రాణవాయువు పేరిట అడవిని సమర్థిస్తే, గనుల పక్షాన నిలిచే న్యాయవాది ఆ వాదాన్ని ఒక్కమాటతో కొట్టివేయగలడు.

అసలు లెక్క మిగిలిన లేశంలో ఉన్నది. బొగ్గుపులుసు వాయువు పదివేల పాళ్లలో సుమారు నాలుగే. అదీ, నీటి ఆవిరీ, అటువంటి మరికొన్నీ వేడిని పట్టి ఉంచకపోతే భూమి సగటు ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు బదులు సున్నాకు 18 డిగ్రీలు దిగువన ఉండేది. హవాయి దీవిలోని మౌనా లోవాపై 1958లో కొలతలు ప్రారంభించిననాడు పదిలక్షల పాళ్లలో 315గా ఉన్న ఈ వాయువు నేడు 420 దాటింది.

ఈ వాయువులోని బొగ్గును మానులలో, వేళ్లలో, మట్టిలో బంధించి ఉంచుతున్నవి పామేడు వంటి అడవులు. బస్తర్ దక్షిణపు కొసన, మన చర్లకు పొరుగున ఉన్న పామేడులో 1983లో అడవి బర్రెల రక్షణకు 262 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం ఏర్పడింది. తమ జిల్లా కేంద్రమైన బీజాపూర్‌కు పోవాలన్నా అక్కడివారు చాలాకాలం చర్ల మీదుగా చుట్టి పోవలసి వచ్చింది. ఢిల్లీ దృష్టిలో ఆ ఊరి పాలూ లేశమే.

వాయు కాలుష్య నివారణకు పార్లమెంటు 1981లో చట్టం చేసింది. 2009 నాటి జాతీయ ప్రమాణాలు 12 కాలుష్య పదార్థాలకు హద్దులు విధించాయి. వాటిలో బొగ్గుపులుసు వాయువు లేదు. రాజధాని ప్రాంతపు గాలికి 2021లో ప్రత్యేక చట్టమే వచ్చింది. ఊపిరితిత్తులకు కాపలా పెట్టడం సమంజసమే. కాని వాతావరణపు పాళ్లకు కాపలా ఎవరు? ఒక విధంగా అడవే. ఆ అడవిని కాపాడే అధికారాన్ని 2006 నాటి అటవీ హక్కుల చట్టం గ్రామసభకు ఇచ్చింది. నరికినచోటికి బదులు మరొకచోట మొక్కలు నాటుతామనే 2016 నాటి నిధి చట్టం ఈ లోటును తీర్చజాలదు. మాను కూడబెట్టిన బొగ్గును మొక్క కూడబెట్టడానికి దశాబ్దాలు పడుతుంది.

పామేడుకు రోడ్డు కావాలి, బడి కావాలి, వైద్యుడు కావాలి. ఇందులో రెండో మాటకు తావులేదు. అయితే ఆ రోడ్డు మీద లోపలికి ఏమి వస్తుందన్నదే కాదు, బయటికి ఏమి తరలిపోతుందన్నది కూడా గ్రామసభ తేల్చవలసిన విషయం. పదివేలలో నాలుగు పాళ్లు భూగోళపు గతిని మార్చగలుగుతున్నప్పుడు, ఓటర్ల జాబితాలో లేశమైన ఊరి మాటను ఢిల్లీ పెడచెవిన పెట్టడం వివేకం కాదు.