కొండ యెక్కు దారి, కొండ దిగు దారి

మార్గశిర పుష్యమాసములు వచ్చినతోడనే మన పట్టణవాసులకు కొండగాలి సోకును. విశాఖపట్టణమునుండి అనంతగిరి ఘాటు మీదుగా అరకులోయకు బండ్లు బారులు తీరును. లంబసింగి మంచును, వంజంగి కొండపైని మేఘములను, పసుపు పరచినట్లుండు వలిసెచేలను చూచివచ్చినవారు పఠనమందిరములలో కూర్చుండి చెప్పుకొను ముచ్చటలకు అంతుండదు. అద్దాల పెట్టెలో పయనించితినని యొకరందురు. బొంగులో కాల్చిన కోడికూర వంటి రుచి భూలోకమున లేదని మరియొకరందురు. థింసా ఆడువారి నడుమ నిలిచి ఛాయాపటము తీయించుకొంటినని ఇంకొకరు చూపుదురు. ఈ ముచ్చటలలో లోకవార్తయు కలదు, ఆటయు కలదు, సినిమాయు కలదు. మాకు తోచిన నాలుగు మాటలు మేమును కలుపదలచితిమి. వానికి వరుస యుండునని పాఠకమహాశయులు ఆశింపకుందురు గాక.

ఈ ముచ్చటలు వినునప్పుడెల్ల మాకొక ప్రశ్న తోచును. మన మెక్కివెళ్లిన దారిని కొండవాడు దిగిరాగలడా? తెలుగు పత్రికలు చదువు అలవాటున్నవారికి డోలీయన నేమో చెప్పనక్కరలేదు. ఒక దుంగకు దుప్పటి కట్టి, అందు నొప్పులు పడుచున్న స్త్రీనో, జ్వరమున తెలివి తప్పిన వృద్ధునో పరుండబెట్టి, ఇరువురు భుజములపై మోసికొని గెడ్డలు దాటి, రాళ్లు దాటి, బండి నిలిచియున్న చోటికి వచ్చుట. మేఘములను చూచుటకు మనము తెల్లవారుజామున ఎక్కిన కొండల కావలిప్రక్కనే ఈ పయనమును జరుగుచుండును. పేషెంటును మోయువారు ఆ యూరివారే; మార్గమధ్యమున ప్రసవము జరిగిన మంత్రసానితనము చేయువారును వారే. ఈ వార్త వర్షకాలమున పత్రిక మూలన నాలుగు పంక్తులలో పడును. అదే సంచిక రంగుల పుటలో అరకు అందములు అచ్చగును.

కొండలలోని దారికి పాత చరిత్ర యొకటి కలదు. 1882 నాటి మదరాసు అటవీ శాసనముచే పోడు వ్యవసాయమునకు సంకెలలు పడినవి. తరువాత గూడెము ప్రాంతమున డిప్యూటీ తహసీల్దారు బాస్టియను కొండవారిచే నిర్బంధముగా దారిపని చేయించి, సరియైన కూలి యీయక పీడించెను. దొరలకు దారి కావలెను; చెమట కొండవానిది. ఆ కోపము అల్లూరి సీతారామరాజు వెనుక నిలిచిన బలములలో ముఖ్యమైనది. 1922 ఆగష్టు 22వ తేదీన చింతపల్లి, మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి పోలీసు స్టేషనులు వశమయ్యెను. పట్టుకొనిపోయిన తుపాకుల లెక్కను స్టేషను పుస్తకముననే వ్రాసి సంతకము చేసివెళ్లిన వీరుడతడు. 1924 మే 7వ తేదీన అతడు కాల్పులకు బలియయ్యెను. 2022 ఏప్రిలు 4వ తేదీనుండి పాడేరు ముఖ్యపట్టణముగా ఆయన పేర జిల్లాయే వెలసినది. నూరేండ్ల క్రిందట దారి వేయుమని కొట్టినందుకు తిరుగబడినవారి మనుమలు నేడు దారి వేయుడని అర్జీలు పట్టుకొని కలెక్టరు కచేరికి వచ్చుచున్నారు. ఇది విధివిలాసమని నవ్వి యూరకుండరాదు. నాటి దారి పైవారు ఎక్కుటకు. నేడు వారడుగునది క్రిందికి దిగుటకు.

రైలు సంగతియు నిట్టిదే. కొత్తవలసనుండి కిరండూలు వరకు గల మార్గము 1960వ దశకమున బైలదిల్లా ఇనుపరాతిని విశాఖ రేవునకు చేర్చి జపానుకు పంపుటకై వేయబడినది. ఆ కొండలను 50కి పైగా సొరంగములతో తొలచిన పనివారి నేర్పు మెచ్చదగినదే. ఆ పట్టాలపైననే 2017 ఏప్రిలులో అద్దాల పెట్టె నడక మొదలిడెను. చూచి యానందించుటను మేము తప్పుపట్టము. మేమును అందు కూర్చుండి బొర్రాగుహలు దాటువరకు పిల్లలవలె కిటికీకి ముఖము ఆనించినవారమే. అయినను రాతికొక బండి, చూపునకొక పెట్టె దొరకిన లోయలో రోగికి దుప్పటి మాత్రము దొరకుట మా మనస్సున ముల్లువలె గుచ్చుకొనుచున్నది.

2025 ఏప్రిలు 7వ తేదీన డుంబ్రిగూడ మండలము పెదపాడున ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ గారు ‘అడవితల్లి బాట’ కార్యమునకు శంకుస్థాపన చేసిరి. 1,005 కోట్ల రూపాయలతో వేయి కిలోమీటర్లకు పైగా కొండదారులు వేయుట దాని సంకల్పము. మంచిపని. శంకుస్థాపన దినమున ప్రశంసించుట అందరికిని సులభమే గనుక మేము ఆ భాగమును త్వరగా ముగించుచున్నాము. ఒకటి రెండు వానకాలములు గడచిన పిమ్మట ఆ దారులపై తారు నిలిచెనా, గెడ్డలపై కల్వర్టులు నిలిచెనా, అంబులెన్సు గుమ్మమువరకు పోయెనా అని చూడవలయును. ఆ లెక్కను కొండవారి గ్రామసభలే వ్రాసి గోడకు అంటించిన మేలు. గుత్తేదారు వ్రాసిన లెక్క కంటె అది మాకు నమ్మకము.

ఇక సినిమా. సీతారామరాజును మన యువకులు చూచినది చరిత్రపుస్తకముల కంటె తెరమీదనే యెక్కువ. 1974లో కృష్ణగారి నూరవ చిత్రముగా వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’ తెలుగున తొలి సినిమాస్కోపు చిత్రము. చింతపల్లి కొండలలోనే దానిలో చాలభాగము తీసిరి. 2022 మార్చిలో రాజమౌళిగారి చిత్రము రాగా, దానియందలి ‘నాటు నాటు’ పాటకు 2023 మార్చి 12వ తేదీన ఆస్కారు వచ్చెను. తెలుగు పాట ఆ వేదికపై మ్రోగుట విని గర్వపడని తెలుగువాడుండడు, మేమును పడితిమి. ఆ చిత్రమున రామరాజు పోలీసు దుస్తులు ధరించుట కల్పనయని తీసినవారే చెప్పిరి గనుక వాదమునకు దిగము. కాని మన్యమున దారిపనికై వీపులు చిట్లిన సంగతికి ఆ మూడుగంటల చిత్రమున చోటు దొరకలేదు. పులులకు దొరకినది.

మరియొక వింత. శేషాచలపు ఎర్రచందనము కథగా 2021లో వచ్చిన ‘పుష్ప’ చిత్రమునకు మారేడుమిల్లి అడవులే రంగస్థలమయ్యెను. చిత్తూరు దొంగకు తూర్పుకనుమలు చెట్ల నీడనిచ్చినవి. తెరమీద ఏ యడవికైనను మన్యము ఎరువుగా నిచ్చును. మన్యపు కథను మాత్రము అడుగువారు అరుదు.

ఆటలకు వత్తము. విల్లనగానే మనకు కొండవాడు మనస్సున మెదలును. అయినను మన రాష్ట్రమునకు విలువిద్యలో కీర్తి తెచ్చిన వెన్నం జ్యోతి సురేఖ విజయవాడ యువతి. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో మూడు స్వర్ణములు గెలిచినది. ఆమెకు మా జోహారులు. గురువు, మైదానము, పరికరములు అందుబాటున నుండిన కృష్ణాతీరమున విలుకత్తె పుట్టును. అవి లేనిచోట తరతరముల విల్లు గోడకు వ్రేలాడును. రాజస్థాను కొండలలోని లింబారామ్ అను గిరిజన బాలుని గూర్చి పెద్దలకు జ్ఞాపకముండవచ్చును. 1987 ప్రాంతమున ప్రభుత్వమువారే వెదకి తీసి శిక్షణ నిప్పించిరి. మరుసటి యేడే అతడు ఒలింపిక్సులో నిలిచెను. వెదకినవారికి దొరకినాడు. పాడేరు, చింతపల్లి, అరకు ఆశ్రమపాఠశాలలలో అట్టి వెదకులాట శ్రద్ధగా జరిగిన నేమి దొరకునో చూడవలెనని మా కోరిక.

వెదకకయే దొరకిన ముత్తెము నొకదానిని 2025లో చూచితిమి. ఆ యేడు నవంబరు 23వ తేదీన కొలంబోలో, అంధమహిళల తొలి ఇరువది ఓవర్ల ప్రపంచకప్పు పోటీలో మన జట్టు నేపాలును ఏడు వికెట్లతో ఓడించి కప్పు గెలిచెను. గలగలలాడు బంతిని నేలమీద దొర్లింపగా, చెవితో పట్టి బ్యాటుతో కొట్టు ఆట అది. ఆ జట్టున అల్లూరి జిల్లా వంట్లమామిడి బాలిక పాంగి కరుణకుమారి యుండెను. ఆ వార్త వచ్చిననాడు మా పఠనమందిరమున పురుషుల క్రికెట్టు లెక్కలతో గొంతులు చించుకొనువారు సహితము ఒక గడియ మౌనము వహించిరి. పిదప ఒక పెద్దమనిషి, “ఆ పిల్ల యూరెక్కడయ్యా?” యని అడిగెను. గోడమీది పటమున దాని పేరు లేదు.

ఈ జట్టు సంగతిలోనే దారి మాట మరల వచ్చినది. జట్టు నాయకురాలు దీపిక మన్యమువారు కారు. శ్రీసత్యసాయి జిల్లాలో, కర్ణాటక సరిహద్దున మడకశిర ప్రాంతమువారు. 2025 డిసెంబరులో జట్టును ఉపముఖ్యమంత్రి సత్కరించినప్పుడు ఆమె తన యూరికి రహదారి కావలెనని కోరెను. దారి మంజూరయ్యెను. మేము సంతోషించితిమి, తక్షణమే స్పందించినవారిని మెచ్చితిమి. ఇంటికి వచ్చి పరుండిన పిమ్మట మాత్రము నిద్ర పట్టలేదు. ప్రపంచకప్పు గెలిచిన పిల్ల నోరు తెరచి అడిగిన దారి వచ్చుచున్నది. కప్పు గెలువని యూళ్ల మాటయేమి? డోలీ మోయువానికి ఏ కప్పు ఇయ్యబడును?

థింసా గూర్చి ఒక మాట. 2025 జనవరి 31వ తేదీనుండి మూడు దినములు అరకున ‘చలి ఉత్సవము’ జరిగెను. గాలిబుడగలు, పరుగుపందెములు, కచేరీలు, థింసా. ఉత్సవములు వలదని మేమనము. చలికాలమున నాలుగు డబ్బులు కొండవాని చేతబడుట మంచిదే. థింసా యనునది తూకము గల ఆట. స్త్రీలు ఒకరి వీపు వెనుకనుండి మరియొకరి చేయి పట్టి గొలుసుగా నిలిచి, డప్పు, తుడుము, మోరి మ్రోగ, పాములవలె వంకరలు తిరుగుచు అడుగులు వేయుదురు. ఒకరు తడబడిన గొలుసు అంతయు తడబడును. అందుచే ఎవరును ఎవరిని విడువరు. ఇది పెండ్లికి, పండుగకు, గ్రామదేవతకు ఆడు ఆట. హోటలు ముంగిట, విందు ముగియువేళకు, మన పిలుపునకు వచ్చి పది నిమిషములు ఆడిపోవు ఆట కాదు. అట్లు ఆడించిన యెడల కూలి ముందుగా నిశ్చయించి, బేరమాడక చెల్లింపవలయును. నడుమ దూరి చేయి పట్టదలచిన పట్టణపు యువకులు ముందుగా అనుమతి యడుగవలయును. ఇంత చిన్న మాటను సంపాదకీయమున వ్రాయవలసివచ్చినందుకు సిగ్గుపడుచునే వ్రాయుచున్నాము.

వలిసెచేల యజమానులు ఈ విషయమున మనకంటె తెలివైనవారు. చేను తొక్కి ఛాయాపటములు తీసికొనువారివద్ద వారు రుసుము వసూలు చేయుచున్నారు. దీనిని దోపిడి యని సణుగు మిత్రులు మాకు కలరు. పువ్వు వారిది, చేను వారిది, నలిగిన మొక్క వారిది. సణుగుట మాత్రము మనది!

కాఫీని గూర్చి అందరును వ్రాయుచున్నారు గనుక కొలదిగా చెప్పుదుము. పారిసు నగరమున 2017లో అంగడి తెరచిన, 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీకి 2025లో కాయతొలుచు పురుగు సోకినది. అంగడిలో కప్పునకు ధర తగ్గలేదు. తోటలో కాయ కోసి నాశనము చేసినవాడు గిరిజనుడు. వానికి నష్టపరిహారము మాటతో కాక, మూటతో చేరవలెను.

దారి లేకపోవుటకు తోడు గురువు లేకపోవుట మరియొకటి. షెడ్యూల్డు ప్రాంతపు పాఠశాలలలో ఉపాధ్యాయ పదవులు స్థానిక గిరిజనులకే యని 2000 సంవత్సరపు మూడవ నంబరు జీవో చెప్పెను. 2020 ఏప్రిలు 22వ తేదీన సుప్రీముకోర్టు పంచసభ్య ధర్మాసనము నూటికి నూరు రిజర్వేషను రాజ్యాంగవిరుద్ధమని దానిని కొట్టివేసినది. తీర్పును గౌరవింతుము. కాని ఆ జీవో పుట్టిన కారణమును తీర్పు కొట్టివేయలేదు. మైదానమునుండి నియమింపబడి, వారమున నాలుగు దినములు దారిని తిట్టుచు, మిగిలిన దినములు బదిలీకై తిరుగు ఉపాధ్యాయులను కొండవారు చాలకాలము చూచిరి. ఇంట కువి మాటాడు బిడ్డకు తెలుగు అక్షరము నేర్పవలెనన్న ముందుగా ఆ బిడ్డ భాష తెలిసియుండవలెను. ఆ భాషయే అర్హతగా నియామకములు జరుపుటకు అడ్డమేమో న్యాయశాస్త్రజ్ఞులు ఆలోచింతురు గాక. శాసనసభ ఈ విషయమును తేల్చుటకు ఇంకను ఆలస్యము చేయరాదు.

పాఠకులలో చాలమంది చైత్రమాసమునను కొండలకు పోవుదురని మాకు తెలియును. అది ఇటుకల పండుగ కాలము. పురుషులు వేటకు పోగా, స్త్రీలు దారికి అడ్డముగా కఱ్ఱ కట్టి, పాడుచు ఆడుచు, వచ్చు ప్రతి బండిని ఆపి పండుగ డబ్బులు అడుగుదురు. ఆ కొన్ని దినములు కొండదారికి సుంకమడుగు అధికారము వారిది. హారను మ్రోగించి గదమాయింపకుడు. అద్దము దింపి, వేళాకోళము మాని, నోటు చేతబెట్టుడు. చిల్లర లేదని చెప్పుటకు వీలులేకుండ, విశాఖలోనే మార్చుకొని జేబున నుంచుకొని బయలుదేరుడు.