నిందితుడి పుస్తకం, ఇతరులు సృష్టించిన పాత్రలు

2010 డిసెంబర్‌లో రాయ్‌పూర్ సెషన్స్ కోర్టు ముందుకు ఒక ఈ-మెయిల్ వచ్చింది. డాక్టర్ బినాయక్ సేన్ భార్య ఇలీనా సేన్ ఐఎస్ఐలోని ఫెర్నాండెజ్‌కు రాసిన లేఖ అది. ఐఎస్ఐ అంటే పాకిస్తాన్ గూఢచారి సంస్థ కావచ్చని ప్రాసిక్యూషన్ సూచించింది. వాస్తవానికి అది ఢిల్లీలోని ఇండియన్ సోషల్ ఇన్‌స్టిట్యూట్. ఫెర్నాండెజ్ ఆ సంస్థకు పూర్వ డైరెక్టర్, సామాజిక శాస్త్రవేత్త వాల్టర్ ఫెర్నాండెజ్. సజీవుడైన ఒక పండితుడు న్యాయస్థానంలో కల్పిత గూఢచారి అయ్యాడు.

రాయ్‌పూర్ జైలులో ఉన్న మావోయిస్టు నేత నారాయణ్ సన్యాల్ లేఖలను బయటికి చేరవేశారన్నది సేన్‌పై ప్రధాన ఆరోపణ. డిసెంబర్ 24న యావజ్జీవ శిక్ష పడింది. 2011 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు బెయిల్ ఇస్తూ, గాంధీ ఆత్మకథ ఉన్నంత మాత్రాన ఎవరూ గాంధేయవాది కానట్లే నక్సల్ సాహిత్యం ఉన్నంత మాత్రాన నక్సలైటు కాడన్న భావాన్ని వ్యక్తం చేసింది. జైలు గోడల లోపల పుట్టిన ప్రతి రాతనూ ముందుగా అనుమానించి, తరువాత చదివే అలవాటు మాత్రం ఆ వ్యాఖ్యతో పోలేదు.

కోబాడ్ గాంధీ జైలు జ్ఞాపకాల గ్రంథం 'ఫ్రాక్చర్డ్ ఫ్రీడమ్' 2021లో వెలువడింది. 2009లో ఢిల్లీలో అరెస్టయిన ఆయన 2019 దాకా తీహార్ మొదలుకొని చర్లపల్లి, విశాఖ మీదుగా సూరత్ వరకు జైళ్లు తిరిగారు. 2017 డిసెంబర్‌లో విశాఖ జైలు నుంచి బెయిలుపై వచ్చిన కొద్ది రోజులకే అచ్చంపేటలో జార్ఖండ్ పోలీసులు మళ్లీ పట్టుకున్నారు. ఈ మధ్యలోనే, 2012లో వచ్చిన హిందీ చిత్రం 'చక్రవ్యూహ్'లో ఓంపురి పోషించిన గోవింద్ సూర్యవంశీ పాత్రకు ఆయనే ప్రేరణ అని ప్రచారమైంది. అసలు మనిషి ఇంకా విచారణ ఖైదీగానే ఉండగా, వెండితెర తీర్పు వెలువడిపోయింది!

పుస్తకంలో అఫ్జల్ గురు కూడా ఉన్నాడు, తీహార్‌లో కలిసి టీ తాగిన తోటి ఖైదీగా. వార్తాపత్రికల్లో కనిపించిన అఫ్జల్‌కు, ఈ అఫ్జల్‌కు పోలిక తక్కువ. జైలు జ్ఞాపకాల విలువ ఇలాంటి చోటే తెలుస్తుంది. వాటి మీద కోపమూ ఇక్కడే మొదలవుతుంది.

ఆ కోపం రెండు వైపుల నుంచీ వచ్చింది. 2021 చివర్లో మావోయిస్టు పార్టీ, కోబాడ్ మార్క్సిజాన్ని వదిలి ఆధ్యాత్మికత వైపు మళ్లారంటూ బహిష్కరణ ప్రకటించింది. తాను ఆ పార్టీ సభ్యుణ్ణి కానని ఆయన చెబుతూ వచ్చారు. ఉపా ఆరోపణల నుంచి ఢిల్లీ కోర్టు 2016లో ఆయనను విముక్తుణ్ణి చేసి, నకిలీ గుర్తింపు వంటి నేరాలకే శిక్షించింది. సభ్యుడు కాని వాణ్ణి ఎవరూ బహిష్కరించరు. అంటే పోలీసులు ఏళ్ల తరబడి నిరూపించలేకపోయిన దాన్ని పార్టీ ఒక్క ప్రకటనతో వారి చేతిలో పెట్టింది. కేసులు నడుస్తున్న ఒక వృద్ధుడిపై ఇంతకన్నా కర్కశమైన విమర్శ ఉండదు.

మరుసటి ఏడాది మహారాష్ట్ర ప్రభుత్వం వంతు. అనఘా లేలే చేసిన మరాఠీ అనువాదానికి ప్రకటించిన పురస్కారాన్ని 2022 డిసెంబర్ 12న రద్దు చేసి, ఎంపిక సంఘాన్నే ఎత్తివేసింది. నిరసనగా సాహిత్య, భాషా సంఘాల సభ్యులు కొందరు రాజీనామా చేశారు. పురస్కారం రాజకీయ విధేయతకు కాదు, అనువాదానికి. అనువాదంలో తప్పుందని ప్రభుత్వం అననే లేదు. పార్టీకి ద్రోహిగా కనిపించిన రచయిత, ఏడాది తిరిగేసరికి అదే పుస్తకం కారణంగా సర్కారుకు నక్సలిజాన్ని కీర్తించేవాడిగా కనిపించాడు.

పుస్తకానికి లోటు లేదనలేము. జైలు గురించి చెప్పినంత వివరంగా అజ్ఞాత సంవత్సరాల గురించి అది చెప్పదు. పాఠకుడికి ఆ మౌనం అసంతృప్తి కలిగించవచ్చు. కానీ బెయిలు మీద ఉన్న మనిషికి ప్రతి వాక్యమూ రేపటి సాక్ష్యమే. రాయ్‌పూర్‌లో ఒక ఈ-మెయిల్‌కు పట్టిన గతి తెలిసినవారు ఆ మౌనాన్ని అబద్ధమని కొట్టిపారేయలేరు.