దాచడం తెలిసినవాళ్లే పట్టుకోగలరు



రహస్యలిపి, సమాచారం దాచే విద్య కాలేజీల్లో నేర్పితే నేరగాళ్లు తయారవుతారన్న ఒక పాఠకుడి లేఖతో ఏకీభవించలేను. చంపకమాల కడుపులో కందాన్ని దాచిన గర్భకవిత్వం మనదే. రాజమహేంద్రవరంలో 2006లో నన్నయ పేరున వెలసిన విశ్వవిద్యాలయంలో ఈ పాఠం ఆ పద్యాలతోనే మొదలవ్వాలి. ఛందస్సు తెలిస్తే చాలు, లోపలి పద్యం ఎవరికైనా దొరికిపోతుంది. ఫొటోలో సమాచారం దాచినా అంతే: 0 నుంచి 255 వరకుండే రంగు విలువ ఒకటి పెరిగినా తగ్గినా కన్ను పట్టలేదు, గణితం పట్టేయగలదు. అందుకే దాచడంతో సరిపోదు, రహస్యలిపి అనే తాళం కూడా వెయ్యాలి. పద్ధతి శత్రువుకు తెలిసిపోయినా తాళంచెవి రహస్యంగా ఉంటే చాలన్న సూత్రాన్ని రహస్యలిపి నిపుణుడు కెర్కాఫ్స్ 1883లోనే అచ్చువేశాడు. కాకినాడ, భీమవరం పిల్లలు రేపు మన బ్యాంకు యాప్‌లు రాస్తారు. దాచడానికీ తాళం వెయ్యడానికీ ఉన్న ఈ తేడా వాళ్లకు తరగతిలోనే, చేత్తో చేయించి నేర్పండి.

– ఒక అధ్యాపకురాలు, కాకినాడ