ఒక వరుస బస్సుకివ్వండి

మన హాస్టల్లో ఉన్నన్నాళ్లూ గంట కొడితే లేచాం, గంట కొడితే తిన్నాం. డిగ్రీలో చేరాక తెలిసింది, నగరంలో మన టైము మన చేతిలో ఉండదని, బస్సు చేతిలో ఉంటుందని.

ఫైనలియర్ పరీక్ష రోజు చాంద్రాయణగుట్టలో బస్సెక్కాను. పరీక్ష ఎల్బీనగర్ వైపు. గంటన్నర ముందే బయలుదేరినా రింగురోడ్డు మీద బస్సు కదల్లేదు. ముందు కార్లు, పక్కన కార్లు, మధ్యలో అరవై మందితో మా బస్సు. హాలుకు చేరేసరికి అరగంట ఆలస్యం. ఆఖరి ప్రశ్న రాయకుండానే పేపరిచ్చి వచ్చాను. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ణి నేనే. ఆ పేపరు పోయి ఉంటే మా అమ్మకు ఏం చెప్పేవాణ్ణో! పాసయ్యాను గనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పాతబస్తీకి రవాణా ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది. నగరంలో మెట్రో 2017లో మొదలైంది. జేబీఎస్ నుంచి వచ్చే లైను ఫలక్‌నుమా దాకా పోవాలన్నది మొదటి ప్లాను. 2020లో అది ఎంజీబీఎస్ దగ్గరే ఆగిపోయింది. మిగిలిన 5.5 కిలోమీటర్లకు 2024 మార్చి 8న శంకుస్థాపన జరిగింది. రెండో దశ ప్రతిపాదనల్లో చాంద్రాయణగుట్ట మీదుగా విమానాశ్రయం లైను కూడా ఉంది. సంతోషమే. కానీ రైలు మార్గం కట్టడానికి ఏళ్లు పడుతుంది. అంతదాకా పరీక్షలు ఆగుతాయా?

ఇందుకు బీఆర్టీఎస్ అనే పద్ధతి ఉంది. రోడ్డులో ఒక వరుసను బస్సుకే కేటాయిస్తారు. ఎక్కకముందే టికెట్టు, బస్సు గడప ఎత్తున ప్లాట్‌ఫాం. బ్రెజిల్‌లోని కురిటిబా నగరం 1974లోనే దీన్ని మొదలుపెట్టింది. అహ్మదాబాద్‌లో 2009 నుంచి నడుస్తోంది.

మనవాళ్లకూ ఇది కొత్త కాదు. 2005లో వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ పథకం కింద విజయవాడకు, విశాఖకు బీఆర్టీఎస్ ఆమోదం దొరికింది. విజయవాడ సత్యనారాయణపురంలో పాత రైలు పట్టాలు తీసేసిన చోట రోడ్డు వేశారు. ఈనాటికీ అందరూ దాన్ని బీఆర్టీఎస్ రోడ్డనే అంటారు. పేరు నిలిచింది గాని, అనుకున్న బస్సు వ్యవస్థ నిలవలేదు. ఢిల్లీలో 2008లో 5.8 కిలోమీటర్ల పైలట్ మార్గం తెరిస్తే కార్లవాళ్లు గోల పెట్టారు. వ్యతిరేకంగా వేసిన పిటిషన్‌ను 2012లో హైకోర్టు కొట్టేసింది. అయినా 2016లో ఆ మార్గాన్ని తవ్వి తీసేశారు. ఆమోదం కాగితం మీద దొరుకుతుంది, వరుసను మాత్రం రోజూ కాపాడుకోవాలి.

చార్మినార్ సందుల్లో బస్సుకు వేరే వరుస ఎక్కడిదని కొందరు అడుగుతారు. నిజమే, అక్కడ కుదరదు. నేనడిగేది ఆరాంఘర్ నుంచి చాంద్రాయణగుట్ట మీదుగా ఎల్బీనగర్ దాకా ఉన్న రింగురోడ్డు గురించి. దాని మీద ఫ్లైఓవర్లకు చోటు దొరికింది. 2021లో ఒవైసీ జంక్షన్ దగ్గర ఒకటి వచ్చింది. 2022లో చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్‌ను పొడిగించారు. కార్లు పైనుంచి పోతాయి. స్టాపు కింద ఉంది కాబట్టి మనల్ని ఎక్కించుకునే బస్సు కిందే నిలబడుతుంది. ఆటోవాళ్ల పొట్ట కొట్టమని కూడా నేననడం లేదు. బస్తీ నుంచి స్టాపు దాకా మనల్ని తెచ్చేది వాళ్లే.

2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితమైంది. పనికి పోయే మా అమ్మకు నెలకింత మిగులుతోంది. కానీ టికెట్టు డబ్బు మిగిలినా టైము మిగలడం లేదు. ఆలస్యంగా పోతే మాట పడేది ఆమే.

1927లో మహద్‌లో పురపాలక సంఘం చెరువు నీళ్లు అందరివీ అని బాబాసాహెబ్ అంబేద్కర్ నిలబడ్డారు. రోడ్డు కూడా అందరి సొమ్మే. ఒక్క మనిషి కూర్చున్న కారుకూ, అరవై మంది నిలబడ్డ బస్సుకూ సమానంగా దారి ఇస్తే అది సమానత్వం కాదు.

తమ్ముళ్లారా! రేపు మీరూ కాలేజీకి ఈ రోడ్డు మీదే పోవాలి. కార్పొరేటర్ వచ్చినా, ఎమ్మెల్యే వచ్చినా హాస్టల్‌కు ఫ్యాన్లతో పాటు ఇది కూడా అడగండి. మనం అడిగేది కొత్త రోడ్డు కాదు, ఉన్న రోడ్డులో ఒక వరుస.