అంకెలు అప్పజెప్పలేనివాడు అవివేకియా?

మాచర్ల వైపు మిరప సేద్యం చేసే మా పెదనాన్నగారికి అరవై రెండేళ్ళు. ఆమధ్య నరసరావుపేటలో ఒకచోట ఆయనకు ప్రజ్ఞాపరీక్ష జరిపారు. అంకెలు వరుసగా చదివి తిరిగి చెప్పమన్నారు. పిమ్మట వెనుకనుండి చెప్పమన్నారు. ముందునుండి ఐదు, వెనుకనుండి మూడు చెప్పగలిగారు. నివేదికలో ‘జ్ఞాపకశక్తి బలహీనం, ప్రజ్ఞ తక్కువ’ అని వ్రాశారు. ఆ కాగితం ఇల్లు చేరిన వారానికే కొడుకులు పద్దుపుస్తకం ఆయన చేతినుండి తీసుకున్నారు.

మిత్రులారా, నా అభ్యంతరం పరీక్షపై కాదు, దానికి చెప్పిన భాష్యంపై.

1939లో తన ప్రజ్ఞామాపనిలో ఈ అంకెల పరీక్షను చేర్చిన డేవిడ్ వెక్స్లరే, సామాన్య ప్రజ్ఞకు ఇది బలహీనమైన కొలబద్ద అని ఒప్పుకున్నాడు. ముందువరుస ప్రధానంగా క్షణకాలపు ధారణను కొలుస్తుంది. వెనుకవరుసకు ఆ ధారణతోపాటు మనసులోనే అంకెలను తారుమారు చేసే పని తోడవుతుంది. వినికిడి లోపం, బెదురు, నిద్రలేమి, బడి అలవాటు లేకపోవడం — వీటిలో ఏదైనా మార్కులను తగ్గించగలదు. మా పెదనాన్నగారికి కుడిచెవి సరిగా వినబడదు. ఆ మాట ఎవరూ అడగలేదు.

భాష సంగతి చూడండి. ఒకటి నుండి తొమ్మిది వరకు ఆంగ్లంలో పలికితే మొత్తం పది అక్షరాలు. తెలుగులో ఇరవై మూడు. పలకడానికి ఎక్కువ సమయం పట్టే మాటలు తక్కువగా నిలుస్తాయని బాడ్లీ బృందం 1975లో చూపింది. వేల్స్‌లో రెండు భాషలూ వచ్చినవారే వెల్ష్ అంకెలను ఆంగ్లపు అంకెలకన్న తక్కువగా అప్పజెప్పారని ఎలిస్, హెనెల్లీ 1980లో నిరూపించారు. అటువంటప్పుడు ఆంగ్లేతరులకు ఆంగ్లపు ప్రమాణాన్ని యథాతథంగా అంటగట్టడం న్యాయమా?

కారంపూడి తిరునాళ్ళలో వీరుల కథ పాడే గాయకులను చూపి, మా సీమవారి జ్ఞాపకం గొప్పదని నేను వాదించను. అది ఏళ్ళ సాధనతో నిలిచిన దీర్ఘకాల స్మృతి, ఇది వేరు. వేరైనప్పుడు, ఒక్క ఉపపరీక్షను పట్టుకొని ‘జ్ఞాపకశక్తి’ అంతటిపైనా, ఆపై ప్రజ్ఞపైనా తీర్పు చెప్పే అధికారం ఎక్కడిది? తక్కువ మార్కు వస్తే మిగిలిన ఉపపరీక్షలతో సరిపోల్చాలి, చెవిని పరీక్షించాలి, మరొకనాడు మళ్ళీ అడగాలి. అప్పటికీ తగ్గితే మాట్లాడవచ్చు.

ఏ కొట్టులో ఎరువు బాకీ ఎంతో పెదనాన్నగారు ఇప్పటికీ పైసలతో సహా చెబుతారు. పద్దుపుస్తకం మాత్రం ఇంకా తిరిగి ఆయన చేతికి రాలేదు.