చేతి పనికి చేతి పరీక్ష ఎక్కడ?

మా నాయిన రైలు ముచ్చట చెప్పినప్పుడల్లా ఒక చప్పుడు చేసి చూపించేవాడు. టకటక, టకటక. పట్టాకు, పట్టాకు నడుమ ఉన్న సందు మీద చక్రం పడ్డప్పుడు వచ్చే చప్పుడది. ఇప్పుడు కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు పోతుంటే అది పెద్దగా వినిపించదు. ముక్కలుగా ఉన్న పట్టాలను అతికించి పొడుగు పట్టాలు చేశారు. ఆ అతుకులు వేసింది ఇంజనీరు కాదు, వెల్డర్.

పట్టా అతుకు ఎట్లా వేస్తారో చూసినవాళ్లు తక్కువ. రెండు పట్టాల కొసల మధ్య 25 మిల్లీమీటర్ల సందు పెడతారు. చుట్టూ అచ్చు కట్టి, కొసలను మంటతో ఎర్రగా కాలుస్తారు. అల్యూమినియం పొడి, ఇనుప ఆక్సైడ్ కలిపిన మందును మూసలో వేసి ముట్టిస్తే కొన్ని క్షణాల్లోనే అది 2 వేల డిగ్రీలు దాటి కరిగిన ఉక్కు అవుతుంది. దాన్ని ఆ సందులోకి వదులుతారు. అచ్చులో తడి ఉన్నా, సందు కొంచెం తేడా వచ్చినా, కాల్చడం తక్కువైనా లోపల బుడగలు మిగులుతాయి. పైకి ఏమీ కనబడదు. అందుకే తర్వాత అల్ట్రాసోనిక్ పరికరంతో పరీక్ష చేస్తారు. ప్రతి అతుకు దగ్గర నెల, సంవత్సరం, వెల్డర్ కోడ్ రాసి ఉంటాయి. ఎప్పుడైనా పట్టా విరిగితే ఆ కోడ్ చూసి మనిషిని పట్టుకుంటారు. ఫైలు మీద సంతకం చేసి బదిలీ అయిపోయే ఆఫీసర్లకు ఈ పద్ధతి పెడితే ఎట్లుంటుందో జర ఆలోచించండి!

రైల్వే సంగతి ఒక్కటే కాదు. సింగరేణిలో బాయి కింద పని చేసే వెల్డర్‌ది ఇంకో లెక్క. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు, పేలుతుంది. అందుకే ముందు గ్యాస్ చూడాలి, అనుమతి రావాలి, చుట్టుపక్కల బొగ్గుపొడి తీయాలి, నీళ్లు దగ్గర పెట్టుకోవాలి, పని అయ్యాక కూడా నిప్పు రాజుకోకుండా కాపలా ఉండాలి. రాడ్డు అంటించడం అందులో చివరి పని. ఓపెన్‌కాస్టులో షావెల్ బకెట్ పండ్లు రాయిని కొట్టీ కొట్టీ అరిగితే వాటి మీద గట్టి లోహం పొరలు పొరలుగా పోసేది కూడా అతనే. ఆ ఒక్క మనిషి రాకపోతే కోట్ల రూపాయల యంత్రం నిలబడుతుంది.

ఆర్టీసీ డిపోలో చాసిస్‌కు అతుకు వేసే ముందు బ్యాటరీ వైర్లు ఊడదీయాలి. డీజిల్ ట్యాంకు నిండుగా ఉన్నప్పటి కన్నా ఖాళీగా ఉన్నప్పుడే ఎక్కువ ప్రమాదమని తెలియనివాడు ఆ పనికి పోవద్దు. ట్యాంకు ఖాళీ అయినా ఆవిరి అందులోనే ఉంటుంది మరి.

అన్నిటికన్నా కఠినమైనది పవర్‌హౌస్ బాయిలర్ గొట్టాల పని. అక్కడ ఐటీఐ సర్టిఫికెట్ చూపిస్తే గేటు దాటనివ్వరు. బాయిలర్ నిబంధనల ప్రకారం విడిగా పరీక్ష పాస్ కావాలి, దాన్ని కాలానుగుణంగా మళ్లీ నిలబెట్టుకోవాలి. 45 డిగ్రీల వాలులో బిగించిన గొట్టానికి, దాన్ని తిప్పకుండా, చుట్టూ తానే తిరుగుతూ అతుకు వేయాలి. తలకిందులుగా, పక్కకు, నిలువుగా అన్నీ అందులోనే వస్తాయి. ఆ తర్వాత ఎక్స్‌రే తీస్తారు. రాడ్డుకు తేమ తగిలినా అతుకులో పగులు వస్తుందని రాడ్లను పొయ్యిలో కాల్చి వేడిగానే తెచ్చుకుంటారు. 1923 నాటి బాయిలర్ల చట్టం పోయి 2025లో కొత్త చట్టం వచ్చింది, పేరు మారింది. గొట్టంలో ఆవిరి ఒత్తిడి మాత్రం మారలేదు.

ఇంత పని చేసే మనిషిని సర్కారు ఎట్లా ఎంచుకుంటోంది? ఇక్కడే అసలు కిరికిరి ఉంది.

ఐటీఐలో వెల్డర్ ట్రేడ్ ఒక ఏడాది చదువు. చేరడానికి 8వ తరగతి పాసైతే చాలు. ఈ మాట చెప్పింది సర్కారే. తీరా రైల్వే టెక్నీషియన్ ఉద్యోగమైనా, సింగరేణి ట్రైనీ ఉద్యోగమైనా నోటిఫికేషన్ వచ్చేసరికి పది పాస్ కావాలంటారు. 8వ తరగతితో చేర్చుకుని, ఏడాది నేర్పించి, సర్టిఫికెట్ ఇచ్చి, చివరికి నువ్వు పనికిరావు అనే మాటా సర్కారుదే. చదువు వద్దని నేను అనడం లేదు. డ్రాయింగ్ చదవాలి, అతుకు గుర్తులు తెలియాలి, ఏ మందానికి ఎంత కరెంటు పెట్టాలో లెక్క రావాలి. పది అవసరమే అనుకుంటే చేర్చుకునేటప్పుడే చెప్పండి. లేదా చేరిన పోరగాళ్లను ఐటీఐలో ఉండగానే పది పాస్ చేయించండి.

రెండో సంగతి ఇంకా విచిత్రం. రైల్వే టెక్నీషియన్ ఎంపికలో కంప్యూటర్ ముందు కూర్చుని రాసే పరీక్ష, సర్టిఫికెట్ల తనిఖీ, వైద్య పరీక్ష ఉంటాయి. హోల్డర్ పట్టి ఒక్క అతుకు వేసి చూపించమని ఎవరూ అడగరు. అదే మనిషి కొన్నేళ్ల తర్వాత ప్రమోషన్‌కు పోతే అప్పుడు ట్రేడ్ టెస్ట్ పెడతారు! లోపలికి రానిచ్చేటప్పుడు అడగని చేతిపని మెట్టు ఎక్కేటప్పుడు యాదికొస్తుందన్న మాట. 2021లో సింగరేణి 372 పోస్టులకు పిలిచినప్పుడు అందులో 54 వెల్డర్ ట్రైనీలవి. పరీక్షకు ముందు మా ఊరి పోరగాళ్లు కొందరు షాపు మూసి, కోచింగ్‌లో చేరి జనరల్ నాలెడ్జ్ బట్టీ పట్టారు. వాళ్లలో ఒకడు గేటు చేసిస్తే అతుకు ఎక్కడుందో వెతుక్కోవాలి. అంత సాపు పని. అతనికి కొలువు రాలేదు. దేశాల రాజధానులు తప్పు రాశాడట.

రాత పరీక్ష ఎందుకు పెడుతున్నారో నాకు తెలుసు. చేతి పరీక్ష అంటే పైరవీ నడుస్తదని భయం. ఆ భయం ఉత్తది కాదు, కొలువుల కోసం రోడ్ల మీద కొట్లాడిన మనకు పైరవీల సంగతి ఒకరు చెప్పాల్నా? కానీ దానికి మందు ఉంది. అతుకు ముక్క మీద పేరు లేకుండా నంబరే రాయండి. ఆ ముక్కను వేరే ఊరి ల్యాబుకు పంపి వంచి చూడండి, ఎక్స్‌రే తీయండి. ముక్క లంచం ఇవ్వదు. బాయిలర్ వెల్డర్‌కు జరుగుతున్న పరీక్ష ఇటువంటిదే కదా.

ఇక కాంట్రాక్టు సంగతి. ఒకే షెడ్డులో ఇద్దరు వెల్డర్లుంటారు. ఒకరికి తోలు చేతిపట్టీలు, మంచి స్క్రీన్, కంపెనీ దవాఖాన. పక్కవానికి పగిలిన నల్ల అద్దం. ఆర్క్ వెలుగు తగిలిన రాత్రి కండ్లల్ల ఇసుక పోసినట్టుంటుంది, నిద్ర పట్టదు. వెల్డింగ్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లోనే తేల్చింది. పొగకు పర్మినెంట్, కాంట్రాక్టు తేడా తెలుస్తదా? ఒకే పని చేసే తాత్కాలిక ఉద్యోగికి కూడా రెగ్యులర్ స్కేలులోని కనీస వేతనం దక్కాలని పంజాబ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. నడుమ కాంట్రాక్టరు ఉన్నాడు గదా, మాకేం సంబంధం అని తప్పుకునే సార్లకు మన దగ్గర కొదువ లేదు.

2025లో ఆర్టీసీ 743 శ్రామిక్ పోస్టులకు పిలిచింది. వెల్డర్లు కూడా అందులో ఉన్నారు. సంతోషమే. వచ్చే నోటిఫికేషన్‌కైనా ఐటీఐ పోరగాళ్లు, యూనియన్ నాయకులు కలిసి పోయి అడగాల్సింది ఒకటుంది. ప్రశ్నపత్రంతో పాటు రెండు ఇనుప ముక్కలు, నాలుగు రాడ్లు బల్ల మీద పెట్టమనండి. గెలిచినా ఓడినా మా ఊరి పోరడు వాటితోనే తేల్చుకుంటానంటున్నాడు.