శిలాజముల సాక్ష్యము

మన ప్రాంతమున బొగ్గు నెఱుగనివారు లేరు. ఇల్లెందు, కొత్తగూడెము గనులను నమ్ముకొని బ్రదుకు కుటుంబము లెన్నియో కలవు. కాని బొగ్గుపొరల నడుమనుండు రాతిపలకలపై అప్పుడప్పుడు కానవచ్చు ఆకు అచ్చును నిలిచి చూచువారు అరుదు. నాలుకవంటి ఆకారము, నడుమ ఈనె, దాని కిరువైపుల వలవలె అల్లుకొన్న నరములు గల ఆ యాకు గ్లాసోప్టెరిస్ అను చెట్టుది. అట్టి చెట్లు పెర్మియన్ యుగమున, అనగా సుమారు 30 కోట్ల సంవత్సరములకును 25 కోట్ల సంవత్సరములకును నడుమ, ఈ నేలపై పెరిగినవి. అట్టి రాతిని వట్టి బొమ్మ యని పారవేయుట పాత దస్తావేజును చింపి పొయ్యిలో వేయుటవంటిదని నా యభిప్రాయము.

రాతిపొరల వయస్సు నెఱుగుటకు మొదటి సూత్రము సులభమైనది. చెఱువులో ఒండ్రు ఏటేట పేరుకొనును. అడుగున నున్నది పాతది, పైన నున్నది క్రొత్తది. రాతిపొరలును అట్టివే. ఐనను ఈ సూత్ర మొక్కటియే చాలదు. గోదావరి లోయలో పొరలు కొన్నియెడల వాలియున్నవి, కొన్నియెడల విఱిగి క్రుంగియున్నవి. ఒకచోట లోతున నున్న పొర మఱియొకచోట నేలపైకి తేలియుండవచ్చును. అప్పుడు రెంటిని పోల్చుటెట్లు? ఇంగ్లండులో కాలువల త్రవ్వకమునకు భూమి కొలిచిన విలియం స్మిత్ దీనికి మార్గము చూపెను. ఏ పొరకు తగిన జీవావశేషములు ఆ పొరలోనే యుండునని యాయన గమనించి, ఆ యాధారముతో 1815లో తన దేశపు శిలాపటమును ప్రకటించెను.

రాతి రంగును మాత్రము నమ్మినచో మోసపోవుదుము. స్కాట్లండులో ఎల్గిన్ దగ్గఱి ఇసుకరాయి, ప్రక్కనున్న మిక్కిలి ప్రాచీనమైన ఇసుకరాతిని పోలియుండుటచే, పండితులు రెండును ఒకే కాలమువని తలంచిరి. కాని అందు హైపెరోడాపెడాన్ అను ముక్కువంటి నోరుగల సరీసృపముయొక్క యెముకలు దొరకినవి. అదే జాతి జంతువు ఆసిఫాబాదు ప్రాంతమున మలేరి గ్రామము దగ్గఱి యెఱ్ఱమట్టిపొరలలోను దొరకినది. 1869లో హక్స్‌లీ పండితుడు ఈ జంతువునుగూర్చి వ్రాసెను. ఎల్గిన్ రాయి యంత పాతది కాదనియు, ట్రయాసిక్ యుగమునకు చెందినదనియు తేలెను. మన పల్లెలోని యెముక సముద్రముల కావలి రాతికి సాక్షి యయ్యెను!

మన లోయలోనే మఱియొక నిదర్శనము కలదు. ప్రాణహితా తీరమున సిరొంచకు చేరువనున్న కోట గ్రామపు పొరలను, మలేరి పొరలను కొంతకాలము ఒకే కూటముగా నెంచిరి. శిలాజములే వానిని విడదీసినవి. మలేరి పొర ట్రయాసిక్ యుగముది. చేపలును పెద్ద రాక్షసబల్లులును గల కోట పొర తరువాతిదైన జురాసిక్ యుగముది. కోట పొరలో దొరకిన కోటాసారస్ అస్థిపంజరమును హైదరాబాదు బిర్లా శాస్త్ర ప్రదర్శనశాలలో చూడవచ్చును. ఈ రెండు గ్రామముల శిలాజములను తొలుత పరిశీలించినవారిలో నాగపురమున ఉపాధ్యాయుడును మిషనరీయు నైన స్టీఫెన్ హిస్లాప్ ఒకడు. బడిపంతులు చేయదగిన పని యిది యని యాయన నడవడియే చెప్పుచున్నది.

అయితే సాక్షులందఱును సమానులు కారు. స్వల్పకాలము బ్రదికి, దూరదేశములకు వ్యాపించిన జాతియే మంచి సాక్షి. మలేరిలో సెరటోడస్ అను ఊపిరితిత్తుల చేప పండ్లును దొరకుచున్నవి. ఆ చేపల వంశము చాల దీర్ఘమైనది; దాని బంధువు ఆస్ట్రేలియాలో నేటికిని జీవించియున్నది. కావున ఆ పన్నొక్కటియే కాలనిర్ణయమునకు చాలదు. మన ఖానాపురం హవేలి చుట్టునున్న ప్రాచీనశిలలలోనైతే శిలాజములే లేవు. అట్టి రాళ్ళ వయస్సును, వానిలోని యురేనియము సీసముగా మాఱు వేగమునుబట్టి లెక్కింతురు.

ఇవన్నియు కడుపు నింపునా యని కొందఱు తలిదండ్రులు అడుగవచ్చును. నింపును. బొగ్గు మలేరి పొరలకంటె క్రిందనున్న పాతపొరలలో నుండును. మన ప్రాచీనశిలలలో నుండదు. ఏ పొరపై నిలిచియున్నామో యెఱుగనివాడు ధనమును శ్రమను వ్యర్థముగా పాతిపెట్టును.

విద్యార్థులారా! ఒక్క మాట మఱువకుడు. చోటు తెలియని శిలాజము ఊరుపేరు చెప్పలేని సాక్షి వంటిది. దాని మాట యెచ్చటను చెల్లదు. 1912లో దక్షిణధ్రువమునుండి మరలుచు మంచులో ప్రాణములు విడిచిన స్కాటు బృందము, నడువలేని స్థితిలోను సుమారు 16 కిలోల రాళ్ళను విడువలేదు. వానిలో మన బొగ్గుగనుల గ్లాసోప్టెరిస్ ఆకే యుండెను! అవి యెచ్చట ఏరినవో వ్రాసియుంచుటచేతనే యా త్యాగము లోకమునకు జ్ఞానమైనది.

కాబట్టి ప్రతి పాఠశాలయందును ఒక రాళ్ళబీరువా యుండవలెను. గనిలో పనిచేయు తండ్రి ఆకు అచ్చుగల పలకను తెచ్చినచో, ఏ గని, ఎంత లోతు, ఏ తేది యని చీటీపై వ్రాసి దాని కంటింపవలెను. చీటీ లేని రాయి బీరువాకు బరువు. చీటీ గల రాయి శాస్త్రమునకు సొత్తు.